ఇంట్లోనే వేప్ లిక్విడ్ కలుపుకుందామని ఉంది, ఐస్‌క్రీమ్‌లో వేసే మ్యాంగో ఎసెన్స్ వాడొచ్చా?

లెస్టర్‌వాసి:
సిగరెట్ మానేసి వేప్‌కి (ఈ-సిగరెట్‌కి) మారాను, యూకేలో ఉంటాను. మొదట్లో వాడి పారేసేవి కొనేవాణ్ని, 2025 జూన్ 1 నుంచి ఇక్కడ వాటి అమ్మకం నిషేధించారు కదా, అప్పట్నుంచి రీఫిల్ పాడ్‌లో (మళ్లీ నింపుకునే చిన్న డబ్బీలో) మి.లీ.కి 10 మిల్లీగ్రాముల నిక్ సాల్ట్ (నికోటిన్ లవణం ఉన్న లిక్విడ్) పోసుకుంటున్నా. ఖర్చు సంగతి అలా ఉంచితే, షాపుల్లో మ్యాంగో అని అమ్మేదేదీ మామిడిపండులా ఉండట్లేదు, అంతా పిప్పరమెంటు తీపి. బంగినపల్లి రుచికి కాస్త దగ్గరగా నేనే కలుపుకుందామని చూస్తున్నా. ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన మ్యాంగో ఎసెన్స్ ఇంట్లో ఉంది, దాంట్లో గ్లిజరిన్, నికోటిన్ కలిపితే సరిపోతుందా? ఇంకేం కొనాలి? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, ఆ జాగ్రత్తలు కూడా చెప్పండి.

ఊపిరి_ముఖ్యం:
అన్నా, ఆ ఎసెన్స్ సీసా వంటింట్లోనే ఉండనివ్వు, పాడ్‌లో మాత్రం పోయొద్దు. తినడానికి మంచిదైనదల్లా పీల్చడానికి మంచిది కాదు. కడుపులోకి వెళ్తే అరిగిపోయే నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడే ఉండిపోయి న్యుమోనియా తెస్తుంది. వంటకి అమ్మే ఎసెన్సుల్లో కొన్ని నూనెలో కలిపినవి, కొన్నిట్లో రంగు, పంచదార ఉంటాయి, లేబుల్ మీద అన్నీ రాయరు కూడా. 2019లో అమెరికాలో వేప్ చేసినవాళ్లు వరసగా ఆస్పత్రి పాలయ్యారు గుర్తుందా, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. అందులో ప్రధానంగా దొరికింది గంజాయి కార్ట్రిడ్జుల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే జిడ్డు పదార్థం.

ఇంకోటి డయాసిటైల్. వెన్న రుచి ఇచ్చేది, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ మిజోరీలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో దాని ఆవిరి పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు కోలుకోలేనంతగా పాడైనట్టు 2000లో బయటపడింది. నికోటిన్ ఉన్న వేప్ లిక్విడ్‌లో అది ఉండకూడదని యూకేలో 2016 నుంచి నిబంధన ఉంది, కేకుల ఫ్లేవర్‌కి ఆ నిబంధన లేదు. కాబట్టి వేపింగ్ కోసమే అమ్మే, పీజీలో (ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో) కలిపిన కాన్సన్ట్రేట్లే (చిక్కటి ఫ్లేవర్లే) కొను. అందులోనూ కస్టర్డ్, బటర్ రకాలైతే డయాసిటైల్ లేదని, దాని బదులు వాడే ఎసిటైల్ ప్రోపియోనైల్ కూడా లేదని కంపెనీ రాసిందో లేదో చూసుకో.

పాప విషయం. నికోటిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది, మ్యాంగో వాసన వేస్తే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. గ్లవ్స్ వేసుకో, పాప నిద్రపోయాకే కలుపు, నొక్కి తిప్పితే గానీ రాని మూత ఉన్న సీసాలు వాడు, తాళం వేసే అల్మరాలో పెట్టు. ఒకవేళ మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే 999కి ఫోన్ చెయ్యి.

తూకంరాజు:
లెక్క నేను చెప్తా. ఇక్కడ నికోటిన్ 10 మి.లీ. సీసాల్లోనే, మి.లీ.కి 20 మిల్లీగ్రాములు మించకుండానే అమ్ముతారు. నీకు 10 కావాలి, అంటే నీ లిక్విడ్‌లో సగం నిక్ షాట్లే (ఆ నికోటిన్ సీసాలే). 60 మి.లీ. చేయాలంటే 20 మిల్లీగ్రాముల సాల్ట్ షాట్లు మూడు, ఫ్లేవర్ 6 శాతం అనుకుంటే 3.6 మి.లీ., వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) 15 మి.లీ., పీజీ 11.4 మి.లీ. షాట్ వీజీ, పీజీ సగం సగం ఉన్న రకమైతే మొత్తం కూడా సగం సగం వస్తుంది, నీ పాడ్‌కి అదే కావాలి. వీజీ ఎక్కువైతే చిక్కబడి పాడ్‌లో లిక్విడ్ పీల్చుకునే దూదికి సరిగా అందదు, కాలిన దూది వాసన గొంతులోకి కొడుతుంది.

సిరంజిల జోలికి వెళ్లకు, 0.01 గ్రాము చూపించే చిన్న తూకం కొని సీసా దాని మీద పెట్టి ఒక్కొక్కటీ పోసుకుంటూ పో. వీజీ మి.లీ.కి 1.26 గ్రాములు, పీజీ 1.04, కాబట్టి 15 మి.లీ. వీజీ అంటే 18.9 గ్రాములు. ఒక మాట సూటిగా చెప్తా, 10 మిల్లీగ్రాముల దగ్గర పెద్దగా డబ్బు మిగలదు, ఖర్చంతా షాట్లదే. 3 మిల్లీగ్రాములు వాడేవాళ్లకి 60 మి.లీ.కి 18 మిల్లీగ్రాముల షాట్ ఒక్కటి చాలు, అసలు ఆదా అక్కడ. చేత్తో కలుపుకోవడంలో నాకు నచ్చేది కూడా అదే, 10 నుంచి 8కి, 8 నుంచి 6కి నీకు వీలైనప్పుడు నువ్వే దిగొచ్చు, షాపులో ఆ మధ్య అంకెలన్నీ దొరకవు.

రసాలమామిడి:
ఇక రుచి. మ్యాంగో కాన్సన్ట్రేట్లు అన్నీ ఒకేలా ఉండవు, కొన్ని డబ్బా జ్యూస్‌లా ఉంటాయి, కొన్నిట్లో కాయ తొడిమ తుంచినప్పుడు వచ్చే సొన వాసన లీలగా తగులుతుంది. చాలామందికి అది నచ్చదు, నాకైతే అది లేకపోతే మామిడే కాదు. రెండు కంపెనీలవి చిన్న సీసాలు తెప్పించుకుని ముందు ఒక్కోటీ విడిగా, 4 శాతంతో, 10 మి.లీ. మాత్రమే కలిపి చూడు. ఏది ఏం రుచి ఇస్తుందో తెలియకుండా నాలుగు కలిపితే బాగాలేనప్పుడు దేన్ని తగ్గించాలో తెలీదు. నచ్చినదానికి 1 శాతం పీచ్ జత చెయ్యి, పండుకి కండ వస్తుంది, అర శాతం వెనీలా క్రీమ్ వేస్తే బాగా ముగ్గిన పండు తీపి వస్తుంది. ఇదే నేను వాడే కలయిక.

రుచి చాలలేదని ఫ్లేవర్ పెంచుకుంటూ పోవద్దు, ఓ హద్దు దాటాక ఘాటు పెరిగి రుచి మొద్దుబారుతుంది. స్వీట్నర్ అసలే వద్దు, సుక్రలోజ్ కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగ) మీద మాడి నల్లగా పేరుకుంటుంది. నిమ్మ, దాల్చిన చెక్క ఫ్లేవర్లు కొన్ని రకాల ప్లాస్టిక్‌ని పగలగొడతాయి, నీది ప్లాస్టిక్ పాడ్ కాబట్టి వాటికి దూరంగా ఉండు. కలిపాక బాగా గిలకొట్టి, తేదీ, శాతాలు రాసి చీకట్లో పెట్టు. పండు రుచులు రెండు మూడు రోజుల్లో కుదురుకుంటాయి, క్రీమ్ పడినవి రెండు మూడు వారాలు ఊరాలి. తొందరపడి వేడినీళ్లలో పెట్టేవాళ్లున్నారు, నేను మాత్రం పెట్టను, వేడికి పండు వాసన ఎగిరిపోతుంది.

లెస్టర్‌వాసి:
అందరికీ థ్యాంక్స్, ఎసెన్స్ ఆలోచన మానేశా. తూకం, మ్యాంగో రెండు రకాలు, పీచ్ ఆర్డర్ పెడుతున్నా. సంక్రాంతికి ఊరెళ్తున్నాం, ఓ సీసా కలిపి పట్టుకెళ్లొచ్చా?

ఊపిరి_ముఖ్యం:
వద్దన్నా. ఇండియాలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం. దిగుమతికి మొదటిసారే ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, రెండూ కూడా వేయొచ్చు. పాడ్, లిక్విడ్ రెండూ ఇంట్లోనే వదిలేసి, ఆ కొన్ని రోజులకి నికోటిన్ గమ్ పెట్టుకో, ఇక్కడి ఫార్మసీలోనే అడిగితే నీ వాడకానికి 2 మిల్లీగ్రాములదా 4దా చెప్తారు. మళ్లీ సిగరెట్ వైపు మాత్రం వెళ్లకు.