కవి పేరు చెప్పి కవిత చదివి పెడితే సరిపోతుందా?

వినేచెవి:
ఫేస్‌బుక్‌లో నచ్చిన కవితలు పైకి చదివి రికార్డు చేసుకుంటుంటాను. ఇప్పుడు యూట్యూబ్‌లో పెడదామని ఉంది. ప్రకటనలు ఉండవు. చూపు బాగా తగ్గి చదవలేకపోతున్న మా పెద్దమ్మ లాంటివాళ్లు వింటారని ఆశ. కవి పేరు మొదట్లోనే చెప్తాను. "పబ్లిక్ పోస్టే కదా, పేరు చెప్తే చాలు" అంటోంది నా స్నేహితురాలు. నాకు మనసొప్పడం లేదు. ఒక కవిత పన్నెండు పంక్తులే. అందులో నాలుగు చదివినా అనుమతి కావాలా? "మీ కవితలు వాడుకోవచ్చా" అని ఆ కవయిత్రికి మెసేజ్ పెడితే చూశారు గానీ జవాబివ్వలేదు.

పాదసూచిక:
పేరు చెప్పడం వేరు, అనుమతి వేరండీ. పబ్లిక్‌లో పెట్టారంటే అందరూ చదవొచ్చని మాత్రమే. రిజిస్ట్రేషన్ లేకపోయినా, కింద కాపీరైట్ గుర్తు లేకపోయినా రాసినప్పటి నుంచే హక్కు కవిది. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో ఇదే సూత్రం. డబ్బు తీసుకోకపోయినా అడగాల్సిందే.

ఇన్ని పంక్తుల వరకు ఫ్రీ అనే లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. కవిత గురించి సమీక్ష చెబుతూ, మీ మాటకు ఆధారంగా రెండు మూడు పంక్తులు చదవడం చెల్లుతుంది. ఊరికే వినిపించడానికైతే, నవలలో నాలుగు పంక్తులు వేరు, పన్నెండు పంక్తుల కవితలో నాలుగు వేరు. అది మూడో వంతు!

పెద్దమ్మగారి విషయంలో మాత్రం దారి ఉంది. వైకల్యం వల్ల చదవలేనివారికి అందే రూపంలోకి రచనను మార్చి ఇవ్వడానికి మన కాపీరైట్ చట్టానికి చేసిన 2012 సవరణలో మినహాయింపు పెట్టారు. రికార్డింగ్ నేరుగా ఆవిడకే పంపండి. యూట్యూబ్‌లో అందరికీ తెరిచిపెడితే ఆ మినహాయింపు వర్తించదు.

చిత్తుప్రతి:
నేను కవితలు రాస్తాను, అటువైపు సంగతి చెప్తాను. అభిప్రాయం కోసం కొద్దిమంది స్నేహితులకు పంపిన కవిత ఒకటి ఎవరి ద్వారానో బయటికి పోయింది. పేరు లేదు, చివరి రెండు పంక్తులు లేవు. పంక్తులన్నీ కలిపేసి వచనంలా చేశారు. దాన్ని పత్రికకు పంపాలనుకున్నాను. ఎక్కడా, సోషల్ మీడియాలో కూడా రాలేదని హామీపత్రం అడిగారు. నేనెలా సంతకం పెట్టను? ఆ కవిత ఇప్పటికీ నా దగ్గరే ఉండిపోయింది. పేరు వేసి ఉన్నా ఈ నష్టం తప్పేది కాదు.

జవాబు రాకపోవడం ఒప్పుకోవడం కాదు. మళ్లీ ఒకసారి అడగండి, అప్పటికీ పలకకపోతే ఆ కవితను వదిలేయండి. "మీ కవితలు" అని గంపగుత్తగా అడిగితే నాక్కూడా ఏం చెప్పాలో తోచదు. ఏ కవిత, మొత్తమా కొంతా, ఎక్కడ పెడతారు, వెనక సంగీతం ఉంటుందా, వద్దంటే తీసేస్తారా, ఇవి రాయండి. సంగీతం నాకైతే వద్దు. పంక్తి విరిచిన చోట నేను కోరుకున్న నిశ్శబ్దాన్ని అది నింపేస్తుంది.

పాతపుస్తకం:
కవి కాలం చేసిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు నిండాక మన దేశంలో ఎవరైనా చదివి పెట్టుకోవచ్చు. చాలా దేశాల్లో అది 70 ఏళ్లు. టాగూర్ 1941లో పోయారు, ఇక్కడ ఆయన రచనల మీద హక్కులు 2001 చివరి దాకా ఉన్నాయి. అనువాదం చదివితే మాత్రం అనువాదకుడి హక్కు విడిగా చూసుకోవాలి.

వినేచెవి:
అందరికీ చాలా థాంక్స్. ఇలా పంపాను: "ఫలానా తేదీన మీరు పెట్టిన వాన కవిత మొత్తం, ఒక్క మాట మార్చకుండా, సంగీతం లేకుండా చదివి యూట్యూబ్‌లో పెట్టాలని ఉందండీ. మీ పేరు, అసలు పోస్టు లింకు ఇస్తాను. ఎప్పుడు వద్దన్నా తీసేస్తాను. మీరు సరే అంటేనే పెడతాను."

చిత్తుప్రతి:
బాగుంది. ఆవిడ సరే అంటే వీడియోను ముందు అన్‌లిస్టెడ్‌లో (లింకు ఉన్నవాళ్లే చూడగలిగేలా) పెట్టి లింకు పంపండి. విని, ఎక్కడైనా విరుపు తప్పితే చెప్తారు. ఆ సమ్మతి మెసేజ్ చెరిపేయకండి.