నర్సరీ సైటు తెరుచుకోవడానికి పది సెకన్లు, గూగుల్‌లో వెతికితే కనబడదు. ముందు దేనికి డబ్బు పెట్టాలి?

కడియం నుంచి, ప్రశ్న

అందరికీ నమస్కారమండీ. మాది కడియం దగ్గర నర్సరీ. మామయ్యగారు ముప్పై ఏళ్లుగా నడుపుతున్నారు, ఆన్‌లైన్ పని నేను చూసుకుంటున్నాను. ఏడాదిన్నర కిందట వర్డ్‌ప్రెస్‌లో సైటు చేయించాం. రెండు బాధలున్నాయి. ఒకటి, ఫోన్లో తెరిస్తే తెల్లగా అలా ఉండిపోతుంది. మొన్న తణుకు వైపు రైతు ఒకాయన ఫోన్ చేసి, "అమ్మా, మీ సైటు తిరుగుతానే ఉంది, రేట్లు వాట్సాప్‌లో పెట్టెయ్యండి" అన్నారు. రెండోది, మా నర్సరీ పేరు కొడితే గూగుల్‌లో వస్తాం గానీ, "కొబ్బరి మొక్కలు కడియం" అనో "మామిడి అంట్లు రేటు" అనో కొడితే ఎక్కడా లేం.

సైటు చేసిన అబ్బాయి పెద్ద హోస్టింగ్‌కి (సైటు ఉంచే సర్వర్ అద్దె) మారమంటున్నాడు, ఏడాదికి 9,000. ఇంకొకరు నెలకు 5,000 ఇస్తే మొదటి పేజీలోకి తెస్తామని గ్యారంటీ ఇస్తున్నారు. రెండూ పెట్టే స్తోమత లేదండీ. నాకు కోడింగ్ రాదు. లోపలికెళ్లి ఫొటోలు మార్చడం, రాయడం వచ్చు. ఏది ముందు చెయ్యమంటారు?

హైదరాబాద్ నుంచి

చెల్లెమ్మా, రెండిట్లో దేనికీ ఇప్పుడే డబ్బు కట్టకండి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. కాబట్టి ఆ రెండోవారి సంగతి వదిలేయండి.

హోస్టింగ్ మార్చాలో లేదో కొలిచాక తెలుస్తుంది. సైటు వేగం కొలిచే గూగుల్ పేజీ ఒకటుంది, పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని వెతికి, అందులో మీ సైటు చిరునామా ఇచ్చి, మొబైల్ ట్యాబ్‌లో ఏమొచ్చిందో ఇక్కడ రాయండి. మీ ఇంట్లో వైఫై మీద, ఇదివరకే పది సార్లు తెరిచిన ఫోన్లో చూసి వేగం అంచనా వెయ్యొద్దు. మీ ఫోన్ ఫొటోల్ని దాచుకుని ఉంటుంది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అయితే మధ్యరకం ఫోను, నెమ్మదిగా నడిచే 4జీ ఉన్నాయనుకుని కొలుస్తుంది. మీ రైతు చేతిలో ఉన్నది దాదాపు అదే.

చూడాల్సినవి మూడు. ఎల్‌సీపీ అంటే తెర మీద అన్నిటికంటే పెద్ద బొమ్మో రాతో కనబడడానికి పట్టిన సమయం, 2.5 సెకన్ల లోపు ఉండాలి. సీఎల్‌ఎస్ అంటే పేజీ తెరుచుకునేటప్పుడు అక్షరాలు, బొమ్మలు ఎంత కిందామీదా జరుగుతున్నాయో చెప్పే లెక్క, 0.1 దాటకూడదు. ఐఎన్‌పీ అంటే వేలు పెట్టాక పేజీ కదలడానికి పట్టే సమయం, 200 మిల్లీసెకన్ల లోపు. ఈ మూడోది 2024 మార్చిలో పాత కొలత స్థానంలో వచ్చింది. మీది చిన్న సైటు కాబట్టి అసలు జనం వాడకం నుంచి వచ్చే లెక్క కనబడకపోవచ్చు, కంగారు పడకండి.

కడియం నుంచి

ఇప్పుడే చూశానన్నయ్యా. ఎల్‌సీపీ 11.4 సెకన్లు. సీఎల్‌ఎస్ 0.38. ఐఎన్‌పీ లేదు, డేటా చాలదంది. పేజీ మొత్తం బరువు 23 ఎంబీ అని కింద ఉంది. సర్వర్ మొదటి స్పందన 420 మిల్లీసెకన్లు.

హైదరాబాద్ నుంచి

ఆ చివరి అంకె చూశారా? అడిగిన అర సెకను లోపే సర్వర్ జవాబిస్తోంది. 800 మిల్లీసెకన్ల దాకా బాగున్నట్టే లెక్క. కాబట్టి ఆ 9,000 మిగిలినట్టే, మీ హోస్టింగ్ తన పని తాను చేస్తోంది. లోపం ఆ 23 ఎంబీలో ఉంది. హోం పేజీలో ఏమేం ఉన్నాయో చెప్పండి.

కడియం నుంచి

పైన అయిదు బ్యానర్లు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. వాటి మీద "అన్ని రకాల కొబ్బరి, మామిడి, పూల మొక్కలు లభించును" అని రాసి ఉంటుంది. ఫ్లెక్సీ షాపులో చేయించాం, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. దాని కింద రేట్ల పట్టిక, అదీ వాళ్లు చేసిందే. ఆ కింద నలభై మొక్కల ఫొటోలు, ఒక యూట్యూబ్ వీడియో, చాట్ గుర్తు.

విజయవాడ నుంచి

నేను పాతికేళ్లుగా డీటీపీ చేస్తున్నానండి, ఇది నా వైపు విషయం కాబట్టి కలగజేసుకుంటున్నా. మీ రెండు బాధలకీ మూలం ఒకటే. ఆ బ్యానర్లు పీఎన్‌జీ ఫైళ్లై ఉంటాయి. ఫొటోకి పీఎన్‌జీ వాడితే ఒక్కోటి నాలుగైదు ఎంబీ తేలిగ్గా వస్తుంది. ఫ్లెక్సీకి అది కావాలి, ఫోన్‌కి అక్కర్లేదు. ఇక వాటి మీద రాసిన తెలుగు అక్షరాలు గూగుల్‌కి అక్షరాలుగా అందవు. మీకు అది రేట్ల పట్టిక, గూగుల్‌కి అదొక రంగుల బొమ్మ. "కొబ్బరి మొక్కలు" అనే మాట మీ హోం పేజీలో అక్షరాలుగా ఎక్కడా లేకపోతే, ఆ మాట వెతికినవాళ్లకి మిమ్మల్ని ఎందుకు చూపిస్తుంది?

పరీక్ష చెప్తాను. ఫోన్లో మీ పేజీ తెరిచి, రేట్ల మీద వేలు నొక్కి పట్టి కాపీ చెయ్యండి. దాన్ని వాట్సాప్‌లో అతికించండి. తెలుగు తెలుగులాగే వస్తే గూగుల్ చదవగలదు. అసలు కాపీయే కాకపోతే బొమ్మ. కాపీ అయ్యి, అతికించాక ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం వస్తే, అది పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టిన రాత. ఫోన్లూ గూగులూ చదివే యూనికోడ్ కాదు.

షాపువాళ్లని ఆ రాత ఇమ్మని అడిగితే "అను" అనే పాత డీటీపీ ఫాంట్‌లో ఉన్న ఫైలే ఇస్తారు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు ఒక్కొక్కటీ చూసుకోండి. రేట్ల పట్టికైతే మార్పిడి కూడా వద్దు, మీ ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుని నోటితో చెప్పి కొట్టించినా గంట పని.

కడియం నుంచి

కాపీ కాలేదండీ, బొమ్మే. అడగొచ్చో లేదో, బ్యానర్ అలాగే ఉంచి అందులో మాటలన్నీ పేజీ అడుగున తెల్ల రంగులో, కనబడకుండా పెట్టేస్తే సరిపోదా? బ్యానరంటే మామయ్యగారికి ఇష్టం.

హైదరాబాద్ నుంచి

వద్దమ్మా. జనానికి కనబడకుండా గూగుల్‌కి మాత్రమే చూపే రాతని స్పామ్ కింద లెక్కగడతారు. పేజీ ర్యాంకు పడిపోవచ్చు, పూర్తిగా తీసేయనూవచ్చు. అలాగే పేజీ కోడులో కనబడకుండా ఉండే కీవర్డ్స్ ట్యాగ్‌లో వంద మొక్కల పేర్లు కూరమని ఎవరైనా చెప్పినా వినకండి. ర్యాంకుకి ఆ ట్యాగ్‌ని చూడబోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

మామయ్యగారి బ్యానర్ ఒకటి ఉంచుదాం. అయిదు తిరగక్కర్లేదు, రెండోది వచ్చేదాకా ఆగి చూసేవాళ్లు తక్కువ. రాత లేని మంచి తోట ఫొటో ఒకటి తీసుకోండి. స్క్వూష్ అనే ఉచిత సైటు బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అందులో ఫొటో వేసి, వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫైలు రకం ఎంచుకుని, నాణ్యత 75 దగ్గర పెట్టండి. ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది కనబడతాయి, మధ్య గీత జరుపుతూ ఆకుల అంచులు చూడండి. తేడా మీ కంటికి తెలియకపోతే అదే దించుకోండి. దాని మీద రాత వర్డ్‌ప్రెస్‌లోనే శీర్షికగా టైపు చెయ్యండి. బొమ్మ మీదే కనబడుతుంది, గూగుల్‌కీ అందుతుంది.

బెంగళూరు నుంచి

ఫొటోలన్నిటికీ లేజీ లోడింగ్ (కిందికి జరిపినప్పుడే ఫొటో తెప్పించడం) పెట్టే ప్లగిన్, అదే వర్డ్‌ప్రెస్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం, ఒకటి వేసేస్తే అయిపోతుంది కదా?

హైదరాబాద్ నుంచి

కింద ఉన్న నలభై ఫొటోలకి పెట్టాలి. పైన కనబడే మొదటి ఫొటోకి మాత్రం పెట్టకూడదు. ఎల్‌సీపీ కొలిచేది ఆ ఫొటోనే, దాన్నే ఆలస్యంగా తెమ్మంటే అంకె ఇంకా పెరుగుతుంది. ప్లగిన్‌లో మొదటి బొమ్మని మినహాయించే వీలుంటుంది, చూడండి. ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు అంకెలు ఇచ్చి ఉన్నాయో లేదో కూడా చూడండి. అవి లేకపోతే ఫొటో వచ్చేదాకా దాని చోటు బ్రౌజర్‌కి తెలియదు, వచ్చాక కిందున్నదంతా ఒక్కసారిగా జారుతుంది. మీ 0.38 అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. రైతు ఫోన్ నంబర్ మీద వేలు పెట్టబోయేసరికి అక్కడికి మల్లె మొక్క ఫొటో వచ్చి పడుతుందన్నమాట.

యూట్యూబ్ వీడియో బదులు దాని బొమ్మ పెట్టి లింకు ఇవ్వండి. చాట్ గుర్తు తీసేసి వాట్సాప్ నంబర్ లింకు పెట్టండి, మీ జనం ఎలాగూ అందులోనే మాట్లాడతారు. క్యాష్ ప్లగిన్, అంటే తయారైన పేజీని దాచి ఉంచి వెంటనే ఇచ్చేది, ఒకటి చాలు. రెండు వేస్తే ఒకదానికొకటి అడ్డం పడతాయి.

విజయవాడ నుంచి

ఫాంట్ సంగతి మర్చిపోతున్నారు. తెలుగు ఫాంట్ ఇంగ్లిష్ ఫాంట్‌లా తేలిగ్గా ఉండదు, గుణింతాలు, ఒత్తులు అన్నీ మొయ్యాలి. అలాంటివి మూడు నాలుగు దించుకునే థీములు (సైటు రూపం నిర్ణయించేవి) చూశాను. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ముందే ఉంటాయి. నర్సరీ సైటుకి వేరే ఫాంట్ అక్కర్లేదనేది నా మాట, ఫోన్లో ఉన్నదే వాడమని థీమ్ సెట్టింగ్స్‌లో పెట్టండి. అందమైన ఫాంట్ కావాలనిపిస్తే శీర్షికలకి ఒక్కటే, రమణీయనో మండలినో పెట్టుకోండి. బరువు తగ్గించాలని ఫాంట్‌లోంచి అక్షరాలు కత్తిరించే పని మాత్రం తెలియకుండా చెయ్యకండి. ఒత్తుల్ని కూర్చే పట్టికలు పోతే "స్త్రీ" విడివిడి ముక్కలై కూర్చుంటుంది.

హైదరాబాద్ నుంచి

ఇప్పుడు గూగుల్ సంగతి. మీ పేరు కొడితే వస్తున్నారంటే సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్లను రావద్దనే గడికి టిక్ లేనట్టే. చాలామందికి అక్కడే తేలిపోతుంది, మీకు కాదు. సెర్చ్ కన్సోల్‌లో (సైటు గూగుల్‌కి ఎలా కనబడుతోందో యజమానికి చూపే గూగుల్ సాధనం) సైటు చేర్చి, సైట్‌మ్యాప్ (పేజీల జాబితా ఫైలు) ఇచ్చి, పేజీల నివేదికలో ఏముందో చెప్పండి.

కడియం నుంచి

నాలుగు రోజులు పట్టింది, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. 46 పేజీలుంటే 39కి "క్రాల్ చేశాం, ప్రస్తుతం ఇండెక్స్ చెయ్యలేదు" అని ఉంది. అవన్నీ మొక్కల పేజీలే. ఒక్కో దాంట్లో ఫొటో, పేరు మాత్రం ఉంటాయి.

హైదరాబాద్ నుంచి

గూగుల్ వచ్చింది, చూసింది (అదే క్రాల్), చూపించడానికి ఏమీ దొరక్క తన జాబితాలో (అదే ఇండెక్స్) చేర్చకుండా వెళ్లిపోయింది. ఇక్కడ మీకున్నంత సరుకు నెలకు 5,000 అడిగినవాళ్ల దగ్గర లేదు చెల్లెమ్మా. గంగాబొండం కొబ్బరి మొక్కల కోసం రోజూ ఫోన్ చేసేవాళ్లు ఏమడుగుతారు? మొక్క వయసెంత, ఎన్ని ఆకులున్నాయి, ఎన్నేళ్లకి కాపుకొస్తుంది, బొండాలకా కొబ్బరికా, గోదావరి గంగకీ దీనికీ తేడా ఏంటి, లారీలో ఎన్ని పడతాయి, దారిలో చస్తే ఎవరిది పూచీ. మామయ్యగారు ఫోన్లో చెప్పే జవాబులు రికార్డు చేసి, ఆయన మాటల్లోనే రాయండి. 39 పేజీలూ ఒకేసారి వద్దు. ఎక్కువ అమ్ముడయ్యే ఆరు మొక్కలతో మొదలుపెట్టండి.

పేజీ శీర్షిక "ఉత్పత్తి 14" అని ఉంచకుండా "గంగాబొండం కొబ్బరి మొక్కలు: వయసు, రేటు, రవాణా, కడియం" అనండి. చాలామంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. ఏ అక్షరాల్లో కొడుతున్నారో సెర్చ్ కన్సోల్ చూపిస్తుంది. అలా వస్తుంటే వాక్యంలో ఒకచోట ఆ రాత కూడా చేర్చండి.

కొత్త పేజీల చిరునామాకి మాత్రం తెలుగు వాడకండి. చిరునామాలో ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారుతుంది, గుణింతమూ ఒక గుర్తే, పొల్లూ ఒక గుర్తే. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కత్తిరిస్తుంది, అంటే 22 గుర్తులు. "గంగాబొండం కొబ్బరి మొక్కలు" లెక్కపెట్టి చూడండి, 23 ఉన్నాయి. చివరి కొమ్ము తెగి "మొక్కల" దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు మాటలు చాలు. ఇప్పటికే గూగుల్‌లో ఉన్న ఏడు పేజీల చిరునామాలు ముట్టుకోకండి. మార్చక తప్పకపోతే పాతదాన్నుంచి కొత్తదానికి 301 అనే శాశ్వత మళ్లింపు పెట్టాలి. పోస్టులకైతే వర్డ్‌ప్రెస్ తానే మళ్లిస్తుంది, పేజీలకు దాన్ని నమ్ముకోలేం.

గూగుల్ మ్యాప్స్‌లో నర్సరీ నమోదు, ఫోన్ నంబర్, వేళలు సరిగా ఉన్నాయేమో కూడా చూసుకోండి. "దగ్గర్లో నర్సరీ" అని వెతికేవాళ్లు సైటు దాకా రారు.

కడియం నుంచి

అయిదు వారాలయిందండీ, చెప్పి వెళ్దామని వచ్చాను. పేజీ 23 ఎంబీ నుంచి 1.2 ఎంబీకి దిగింది. ఎల్‌సీపీ 2.8, సీఎల్‌ఎస్ 0.04. మామిడి అంట్ల పేజీ రాసేటప్పుడు మామయ్యగారు పక్కన కూర్చుని కొత్తపల్లి కొబ్బరి, చెరకురసం అనే మామిడి రకాలకి ఆకు చూసి తేడా ఎలా చెప్పాలో చెప్పారు. అది పెట్టిన పన్నెండో రోజున ఇండెక్స్ అయింది. రాసిన ఆరు పేజీల్లో నాలుగు వచ్చాయి. ఎల్‌సీపీ ఇంకా 2.5కి రాలేదు, ఇంకేం తీసెయ్యాలి? పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఇచ్చే స్కోరు 100కి 81 దగ్గరే ఆగింది.

హైదరాబాద్ నుంచి

స్కోరు 100 కావాలని కూర్చోకండి. అది ప్రయోగశాల అంకె. గూగుల్ లెక్కలోకి తీసుకునేది జనం ఫోన్లలో నిజంగా జరిగింది, నూటికి డెబ్బయి అయిదు సందర్శనల్లో ఎలా ఉందన్నది. అది గడచిన 28 రోజుల లెక్క, ఈ రోజు బాగుచేసింది నెల తర్వాత పూర్తిగా కనబడుతుంది. ఆ పైన ఫొటో 1200 నుంచి 1000కి తగ్గించి చూడండి, చాలు. ఇక మిగిలిన రెండు పేజీల్లో రాత తక్కువేమో చూడండి.

కడియం నుంచి

ఆయ్, అలాగేనండీ. పాత బ్యానర్ ఫైళ్లు మీడియాలోంచి తీసేస్తే ఏమైనా అవుతుందా?

విజయవాడ నుంచి

ముందు సైటు మొత్తం బ్యాకప్ తీసుకోండి. వేరే ఏ పేజీలోనూ అవి వాడలేదని చూసుకుని తీసెయ్యండి. అసలు ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండమ్మా, రేపు మళ్లీ ఫ్లెక్సీ వెయ్యాలంటే అవే కావాలి.