అప్‌డేట్: క్లస్టర్‌లో మిస్టర్‌బేస్ జాబ్ ఇప్పుడు సాఫీగా నడుస్తోంది

ఉమ్మడి క్లస్టర్‌లో (అందరూ పంచుకునే కంప్యూటర్ల సముదాయంలో) 32 కోర్లు ఇస్తే మిస్టర్‌బేస్ (జీవుల వంశవృక్షాలను అంచనా వేసే MrBayes ప్రోగ్రామ్) మొదలవకుండానే ఎందుకు ఆగిపోతోందని, గడువు ముగిసి స్లర్మ్ (క్లస్టర్‌లో పనులకు వంతులు కేటాయించే సాఫ్ట్‌వేర్) జాబ్‌ను ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి నడపాలా అని ఇంతకుముందు అడిగాను. రెండూ పరిష్కారమయ్యాయి.

ఈ ప్రోగ్రామ్ ఎంపీఐలో (ఒకే పనిని చాలా ప్రాసెస్‌లు కలిసి చేసే పద్ధతిలో) పనిని చైన్ల (సాధ్యమైన వృక్షాలను అడుగడుగునా వెతికే గొలుసుల) వారీగా పంచుతుంది. డిఫాల్ట్‌గా 2 రన్‌లు (విడివిడిగా నడిచే విశ్లేషణలు), ఒక్కోదానిలో 4 చైన్లు, అంటే మొత్తం 8 చైన్లే ఉంటాయి కాబట్టి, అంతకు మించి ప్రాసెస్‌లు ఇస్తే అది ఒప్పుకోదు. 8 కోర్లే అడగడం వల్ల తోటివారి పనికీ అడ్డు రావడం లేదు. ఉమ్మడి యంత్రం మీద ఇది చిన్న విషయం కాదు.

గడువుకు ఆగిన జాబ్‌ను కొనసాగించడానికి, చెక్‌పాయింట్ ఫైల్‌ను (అప్పటిదాకా నడిచిన స్థితిని దాచే ఫైల్‌ను), పాత అవుట్‌పుట్ ఫైళ్లను అదే ఫోల్డర్‌లో ఉంచి, విశ్లేషణను నడిపే ఎంసీఎంసీ ఆదేశంలో 'అపెండ్=ఎస్' (append=yes) అని చేర్చితే చాలు. సెట్ ఆదేశంలో 'ఆటోక్లోజ్=ఎస్', 'నోవార్న్=ఎస్' కూడా తప్పక పెట్టండి; లేకపోతే ప్రోగ్రామ్ విశ్లేషణ కొనసాగించాలా అని ప్రశ్న అడుగుతుంది, బ్యాచ్ జాబ్‌లో దానికి జవాబిచ్చేవారు ఎవరూ ఉండరు.

రన్‌లు ఒకదానితో ఒకటి ఎంత ఏకీభవిస్తున్నాయో చెప్పే స్ప్లిట్ ఫ్రీక్వెన్సీల సగటు ప్రామాణిక విచలనం 0.01 కంటే తగ్గింది. అయితే ట్రేసర్‌లో (ఫలితాలను పరిశీలించే ప్రోగ్రామ్‌లో) ట్రీ లెంగ్త్ (వృక్షం కొమ్మల మొత్తం పొడవు) ఈఎస్‌ఎస్ (ఎన్ని స్వతంత్ర నమూనాలకు సమానమో చెప్పే లెక్క) ఇంకా 200 దాటలేదు కనుక, జెనరేషన్ల (చైన్ వేసే అడుగుల) సంఖ్య పెంచి రన్‌ను కొనసాగిస్తున్నాను.