సింగిల్ కాయిల్ గిటార్‌లో గుంయ్‌మనే మోత: ఏ పికప్ వేయిస్తే పోతుంది?

తార్నాక స్ట్రాట్:
అందరికీ నమస్తే. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్ట్రాట్ మోడల్ గిటార్ ఉంది. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికని పట్టి ఆంప్‌కి పంపే, ఒకే కాయిల్ ఉన్న భాగాలు), ఐదు పొజిషన్ల స్విచ్. క్లీన్‌లో పెద్దగా తెలియదు. కాస్త గెయిన్ (శబ్దాన్ని గరుకుగా, లావుగా చేసే ఆంప్ నాబ్) పెంచితే చాలు, తీగ ముట్టకముందే ఆంప్‌లోంచి గుంయ్ అని మొదలవుతుంది. పక్క ఫ్లాట్ ఆంటీ అయితే "ఏం బాబూ, మీ ఇంట్లో గ్రైండర్ ఆపరా?" అని అడిగేసింది. ఆదివారం చర్చిలో వాయిస్తాను, అక్కడ ఇంకా ఘోరం. బ్రిడ్జ్ పికప్ (తీగలు బాడీకి ఆనే చివర ఉన్నది) ఒక్కటి తీసేసి హమ్ రానిది వేయిద్దామనుకుంటున్నా. మూడూ మార్చేంత డబ్బు ఇప్పుడు లేదు. స్టాక్డ్ తీసుకోవాలా, రెయిల్స్ తీసుకోవాలా? స్ట్రాట్ గొంతు మాత్రం పోకూడదు.

ఆరో తీగ:
పికప్ ఎందుకు బ్రో, దండగ. పిక్‌గార్డ్ (ముందున్న ప్లాస్టిక్ రేకు) విప్పి లోపలంతా రాగి టేపు అంటించు. నేను అలాగే చేశాను, సైలెంట్ అయిపోయింది.

టంకం డబ్బా:
రాగి టేపు మంచిదే, కానీ అన్ని మోతలకీ కాదు. తమ్ముడూ, కొనడం సంగతి తర్వాత, ముందు నీది ఏ మోతో తేల్చుకో. పికప్ మార్చాక కూడా అదే మోత వస్తే ఎవరిని అడుగుతావు?

ముందు గిటార్ వాల్యూమ్ సున్నాకి తిప్పు. మోత అలాగే ఉంటే గిటార్‌ని తప్పు పట్టకు. కేబులో, ఆంపో, ఇంట్లో ఎర్తింగో చూడాలి. లాప్‌టాప్‌లోకి ప్లగ్ చేసి వాయిస్తున్నట్టయితే ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద విను. చాలామంది గొడవ అక్కడే తీరిపోతుంది. సున్నాలో మోత పోతే మళ్లీ వాల్యూమ్ పెంచి తీగల మీద అరచెయ్యి పెట్టు. 'జర్‌ర్' అనే గరుకు శబ్దం తగ్గిందంటే నీ ఒంటి ద్వారా, వైర్ల ద్వారా వస్తున్న బజ్ అది. దానికి రాగి టేపు పనిచేస్తుంది. చెయ్యి పెట్టినా తగ్గని లావుపాటి 'గుంయ్' మిగిలితే స్టూల్ మీద కూర్చుని గిటార్‌తో సహా మెల్లగా చుట్టూ తిరుగు. ఒక దిక్కుకి తిరిగినప్పుడు పెరిగి, ఇంకో దిక్కున దాదాపు మాయమైతే అదే సింగిల్ కాయిల్ హమ్. అది అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చేది. రాగి రేకుని అది లెక్కచెయ్యదు.

ఇంకో గుర్తు చెప్తా. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆంప్‌లో వినిపించేది అదీ, 100, 150 లాంటి దాని రెట్లూ కలిసిన మోత. ఆరో తీగ మూడో ఫ్రెట్ వాయించు, అది 98. నీ మోత అదే స్వరానికి కాస్త పైన, ఆ స్థాయిలోనో దాని కింది స్థాయిలోనో పలుకుతుంది. అమెరికా వాళ్ల వీడియోల్లో హమ్ వేరే శ్రుతిలో ఉంటుంది, వాళ్లది 60 కాబట్టి.

చివరగా స్విచ్‌ని 2లో, 4లో పెట్టి విను (1 అంటే బ్రిడ్జ్, 3 మిడిల్, 5 నెక్ పికప్. 2, 4 వాటి పక్క పక్క జతలు). ఏమైందో వచ్చి చెప్పు.

తార్నాక స్ట్రాట్:
అన్నా, రాత్రి గంటసేపు ఇదే పని. అమ్మ "పిచ్చి పట్టిందా, స్టూల్ మీద గిరగిరా తిరుగుతున్నావు" అంది.

వాల్యూమ్ సున్నాలో మోత లేదు. పెంచితే రెండు మోతలూ ఉన్నాయి! ఒకటి జర్‌ర్, ఒకటి గుంయ్. జర్‌ర్ ఎక్కడి నుంచో పట్టుకున్నా: సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్. ఫ్యాన్ 2లో, 3లో ఉంటే కందిరీగల గుంపు. 5లో పెడితే బాగా తగ్గింది, ఆపేస్తే పోయింది. గుంయ్ మాత్రం ఫ్యాన్ ఆపినా ఉంది. కిటికీ వైపు తిరిగితే దాదాపు లేదు, ఫ్రిజ్ ఉన్న గోడ వైపు తిరిగితే పూర్తిగా ఉంది. స్విచ్ 1, 3, 5లో గుంయ్. 2లో, 4లో నిశ్శబ్దం. ఇదేం విచిత్రం?

టంకం డబ్బా:
విచిత్రం కాదు, నీ అదృష్టం. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ కొన్ని వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. గిటార్ తీగ కదలికని పట్టే ఆ చుట్టే ఇంట్లోని ట్రాన్స్‌ఫార్మర్ల, మోటార్ల హమ్‌నీ పడుతుంది. మరి దాన్ని ఎలా కొట్టెయ్యాలి? రెండో కాయిల్ పెట్టి, దాని చుట్టుడు దిక్కూ అయస్కాంతం ధ్రువమూ రెండూ తిరగేస్తారు. బయటి హమ్‌కి అయస్కాంతంతో పనిలేదు, కాబట్టి రెండు కాయిల్స్‌లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది. తీగ శబ్దం రెండుసార్లు తిరగబడి మళ్లీ ఒకే వైపుకి వచ్చి కలుస్తుంది. గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టుకున్న హంబకర్ కిటుకు ఇదే. పేటెంటు 1959లో చేతికొచ్చింది.

నీ గిటార్‌లో మిడిల్ పికప్‌ని అలా తిరగేసి చుట్టారు. 2లో అది బ్రిడ్జ్‌తో, 4లో నెక్‌తో కలిసి హంబకర్ పని చేస్తోంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వస్తా. బ్రిడ్జ్ ఒక్కటే హమ్ రాని పికప్ వేశావనుకో, 1 సైలెంట్ అవుతుంది. కానీ 2? కొత్త బ్రిడ్జ్ తన హమ్‌ని తనలోనే చంపుకుంటుంది, మిడిల్ హమ్‌ని కొట్టెయ్యడానికి ఎదురు హమ్ ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. అంటే ఈరోజు నిశ్శబ్దంగా ఉన్న 2 రేపటి నుంచి మోగుతుంది. 3లో ఉన్నంత ఉండదు గానీ ఉంటుంది. షాపుల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

సండే క్వాయర్:
నాకు సరిగ్గా ఇదే జరిగింది! రెయిల్స్ వేయించుకుని సంతోషంగా ఇంటికొచ్చాను. మా వర్షిప్ పాటల్లో సగం 2లోనే వాయిస్తాను. ఆ ఆదివారం ప్రార్థన మధ్యలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నా ఆంప్ ఒక్కటే గుంయ్. పాస్టర్‌గారు ఒక కన్ను తెరిచి చూశారు. తర్వాత మూడూ స్టాక్డ్ వేయించుకున్నాను, ఇప్పుడు ఏ పొజిషన్‌లోనూ బాధ లేదు. బాబూ, ఆరు నెలలు ఆగి డబ్బు కూడబెట్టుకో, మూడూ ఒకేసారి మార్చు.

చర్చిలో ఎక్కువ అంటున్నావు కదా, అక్కడ లైట్ల డిమ్మర్ ఉన్న బోర్డులోంచే ఆంప్‌కి కరెంటు తీసుకుంటున్నారేమో చూడు. మా దగ్గర అదే. వేరే లైనుకి మార్చాక సగం పోయింది.

తార్నాక స్ట్రాట్:
అక్కా, ఆరు నెలలంటే టెన్షన్ వస్తోంది. క్రిస్మస్ ప్రోగ్రాం ఉంది. అసలు స్టాక్డ్‌కీ రెయిల్స్‌కీ గొంతులో తేడా ఎంత?

టంకం డబ్బా:
స్టాక్డ్‌లో రెండు కాయిల్స్ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. తీగని వినేది ఎక్కువగా పైది. కిందిది దూరంగా ఉండి ప్రధానంగా హమ్‌నే పడుతుంది. పైకి చూస్తే మామూలు సింగిల్ కాయిల్, ఆరు మేకులు. గొంతు కూడా స్ట్రాట్‌కి దగ్గర. అయితే కింది కాయిల్ కాస్తో కూస్తో తీగ శబ్దాన్నీ కొట్టేస్తుంది, పై ఫ్రీక్వెన్సీల్లో ఆ మెరుపు అణా పైసలతో సహా రాదు. బ్యాండ్‌తో వాయించేటప్పుడు ఎవరికీ తెలియదు, రాత్రిపూట ఒంటరిగా హెడ్‌ఫోన్లలో నీకు తెలుస్తుంది. అదే పరిమాణంలో కాస్త లోతు ఎక్కువ, కాబట్టి పిక్‌గార్డ్ విప్పి గుంత లోతు కొలిచాకే ఆర్డర్ పెట్టు. సన్నటి బాడీల్లో అడుగు తగులుతుంది.

రెయిల్స్‌లో రెండు సన్నటి కాయిల్స్ పక్కపక్కన. రెండూ తీగని వింటాయి. గొంతు లావు, అవుట్‌పుట్ ఎక్కువ, మధ్య స్థాయి ముందుకొస్తుంది. నెక్‌లో వేస్తే స్ట్రాట్ అన్న సంగతే మర్చిపోతావు. బ్రిడ్జ్‌లో మాత్రం నాకు అభ్యంతరం లేదు. స్ట్రాట్ బ్రిడ్జ్ పికప్ ఎలాగూ పలచగా, గుచ్చుకున్నట్టు ఉంటుంది, గెయిన్‌లో దానికి కాస్త కండ పడితే మంచిదే.

9 వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు కూడా ఉన్నాయి, చాలా సైలెంట్. కానీ పాట్లతో (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు) సహా అన్నీ మార్చాలి. నీకు వద్దు.

నువ్వు ఎక్కువగా ఏ పొజిషన్‌లో వాయిస్తావు?

తార్నాక స్ట్రాట్:
స్ట్రమ్మింగ్ అంతా 4, 2. రెండు పాటల్లో లీడ్ ఉంటుంది, దానికి 1లో గెయిన్. 3, 5 దాదాపు ముట్టను.

టంకం డబ్బా:
అయితే నీకు ఆరు నెలలు ఆగాల్సిన పని లేదు. చెల్లెమ్మ చెప్పింది నికరమైన దారే, కాదనను. కానీ నీ వాడకానికి ఇంకో ఉపాయం ఉంది. బ్రిడ్జ్‌కి నాలుగు వైర్లున్న రెయిల్ పికప్ తీసుకో. ఒక టోన్ నాబ్ తీసేసి అక్కడ పుష్-పుల్ పాట్ పెట్టు. నాబ్ పైకి లాగితే రెయిల్‌లో ఒక కాయిల్ ఆగిపోయి ఒకటే మిగులుతుంది. 1లో లీడ్‌కి నాబ్ కిందకి, రెండు కాయిల్సూ పనిచేస్తాయి. 2లో వాయించేటప్పుడు పైకి లాగు, మిగిలిన ఒక్క కాయిల్ మిడిల్‌తో జత కడుతుంది, హమ్ మళ్లీ కొట్టుకుపోతుంది. చుట్లు సమానం కావు కాబట్టి పూర్తిగా కాకపోయినా చాలావరకు.

వైర్ల రంగుల దగ్గర జాగ్రత్త. సీమోర్ డంకన్ కంపెనీ పికప్‌లో నలుపు సిగ్నల్, ఎరుపు తెలుపు కలిపి ముడి, ఆకుపచ్చ గ్రౌండ్‌కి. డిమార్జియో కంపెనీదాంట్లో ఎరుపు సిగ్నల్, నలుపు తెలుపు కలిపి ముడి, ఆకుపచ్చ గ్రౌండ్‌కి. అంటే ఒకరి నలుపు ఇంకొకరి ముడి. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఒక బొమ్మ చూసి టంకం వేసి, సౌండ్ రావట్లేదని నా దగ్గరికి తెచ్చినవాళ్లు చాలామంది.

ఫేజ్ (రెండు పికప్‌ల సిగ్నల్ ఒకే వైపు ఊగుతోందా అన్నది) కూడా టంకం వేసే ముందే చూసుకో. మల్టీమీటర్‌ని 20 కిలో ఓమ్స్‌లో పెట్టి పికప్ రెండు కొసలకీ తగిలించు. స్క్రూడ్రైవర్‌తో పికప్ ముఖాన్ని తాకినప్పుడు అంకె ఎటు గెంతుతుందో చూడు. పైకా, కిందికా? మిడిల్‌ని కూడా అలాగే చూడు, మీటర్ ఎరుపు కొస సిగ్నల్ వైరుకే ఉండాలి. రెండూ ఒకే వైపు గెంతితే సరే. ఎదురెదురైతే 2లో గొంతు ముక్కుతో పాడినట్టు పీలగా వస్తుంది.

రెయిల్స్‌కి 500కె (కిలో ఓమ్స్) పాట్లు వెయ్యమని అందరూ చెప్తారు. నువ్వు ఇప్పుడున్న 250కె మార్చకు. వాల్యూమ్ పాట్ మూడింటికీ ఒకటే, 500కె పెడితే మిగిలిన రెండూ మరీ కీచుగా మారతాయి. పుష్-పుల్ కూడా 250కె తీసుకో. దాని ఒళ్లు పొడుగు, లోతు కొలవడం మరిచిపోకు.

సోల్డర్ వైరు, ఫ్లక్స్, హీట్ ష్రింక్ స్లీవులు, మీటరు కోఠి గుజరాతీ గల్లీలో తీసుకో. అక్కడి నుంచి అలాగే ట్రూప్ బజార్‌కి వెళ్లి ఫ్యాన్‌కి కెపాసిటర్ టైపు స్టెప్ రెగ్యులేటర్ తెచ్చుకో. ఇప్పుడు నీ ఇంట్లో ఉన్నది కరెంటు అలని ముక్కలుగా కోసి ఫ్యాన్‌కి పంపుతుంది, ఆ కోతే జర్‌ర్. కెపాసిటర్‌ది కొయ్యదు.

ఆరో తీగ:
అన్నా, నాకు రాగి టేపుతోనే పోయింది కదా మరి?

టంకం డబ్బా:
నీది జర్‌ర్ అయి ఉంటుంది, అందుకే పోయింది. తమ్ముడికి రెండూ ఉన్నాయి. ఒకటి రెగ్యులేటర్‌తో పోతుంది.

మోత తగ్గుతుందని ఎవరైనా మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమంటే మాత్రం వినకండి. తీగలు ముట్టుకుంటే చిమచిమలాడుతుంటే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత ఉందో కొలవమనండి. అక్కడ ఒకటి రెండు వోల్టులు మామూలే, పదులు చూపిస్తే ఎర్తింగ్ పాడైనట్టే.

తార్నాక స్ట్రాట్:
మూడు వారాల తర్వాత వస్తున్నా. రెయిల్ వేశాను, పుష్-పుల్ కూడా. రెగ్యులేటర్ మార్చాక జర్‌ర్ పూర్తిగా పోయింది. 1లో గెయిన్ ఎంత పెంచినా నిశ్శబ్దం, నమ్మలేకపోయాను. కానీ 2లో నాబ్ పైకి లాగితే హమ్ తగ్గడం కాదు, ఇంకా పెరిగింది! కింద ఉన్నప్పుడే నయం. గొంతు మాత్రం పీలగా లేదు, బాగానే ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

టంకం డబ్బా:
గొంతు బాగుందంటే ఫేజ్ సరిగ్గానే ఉంది. తప్పు కాయిల్ మిగిలింది, అంతే. మిడిల్ చుట్టుడు దిక్కునే ఉన్న కాయిల్ మిగిలింది, రెండు హమ్‌లూ కలిసిపోతున్నాయి. నీ స్విచ్ ఇప్పుడు ముడి వైర్లని గ్రౌండ్‌కి కలుపుతోంది కదా? ఆ గ్రౌండ్ వైరు పీకేసి, అదే కాలికి రెయిల్ సిగ్నల్ వైరు కలుపు. అప్పుడు పైకి లాగితే మొదటి కాయిల్ ఆగి రెండోది మిగులుతుంది. ఇంకేమీ మార్చక్కర్లేదు.

తార్నాక స్ట్రాట్:
ఒక్క వైరు! అయిపోయింది అన్నా. ఇప్పుడు 2లో చెవి ఆంప్‌కి ఆనిస్తే తప్ప ఏమీ లేదు. ఒక్కటే, 4 నుంచి 1కి వచ్చేసరికి సౌండ్ ఒక్కసారిగా మీదకి దూకుతోంది.

టంకం డబ్బా:
పికప్ పక్క స్క్రూలు వదులు చేసి రెయిల్‌ని కిందికి దించు. చివరి ఫ్రెట్‌లో ఒకటో తీగ నొక్కిపట్టి, తీగకీ రెయిల్‌కీ మధ్య 3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టు. తర్వాత చెవి చెప్పినట్టు సగం సగం తిప్పుతూ పో.