థైరాక్సిన్, కాల్షియం వాడుతున్నవారు ఐరన్ మాత్ర ఏ వేళకు వేసుకోవాలి?

నా వయసు 34, శాకాహారిని. జనవరి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే కొలత) 7 వచ్చాయి. 100 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రను రోజూ మధ్యాహ్నం భోజనమైన వెంటనే 12 వారాలు వేసుకున్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు, ప్రతి మాత్ర గుంట పక్కన పెన్నుతో తేదీ రాసుకున్నాను. అయినా ఏప్రిల్‌లో హిమోగ్లోబిన్ 10.3కి చేరింది గానీ, ఫెరిటిన్ 9 దగ్గరే ఆగిపోయింది.

ఉదయం 6 గంటలకు థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు, రాత్రి భోజనం తర్వాత కాల్షియం 500 మిల్లీగ్రాములు వేసుకుంటాను. ఐరన్‌ను పరగడుపున ప్రయత్నిస్తే కడుపులో తిప్పి నాలుగో రోజే మానేశాను. పైగా అది థైరాక్సిన్‌కు 4 గంటల ఎడంగా ఉండాలి. భోజనం వెంట తాగే టీని సాయంత్రానికి మార్చాను. బెల్లం, ఖర్జూరాలు ఎటూ తింటూనే ఉన్నాను, కాబట్టి దయచేసి మళ్లీ అవే చెప్పకండి. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పేగులకు పడని జబ్బు) పరీక్షలో ఏమీ తేలలేదు, నెలసరిలో అధిక రక్తస్రావం లేదు.

ఒక మోతాదు ఐరన్ పడగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మరుసటి రోజు మాత్ర ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది కనుక, రోజు విడిచి రోజు వేసుకోవచ్చని మా డాక్టరు అంగీకరించారు, వేళ మాత్రం నా వీలుకే వదిలేశారు.

ఈ మూడు మందులూ కలిపి వాడుతూ, రోజు విడిచి రోజు ఐరన్‌తో ఫెరిటిన్ పెరిగినవారు ఆ మాత్రను ఏ గంటకు, భోజనానికి ఎంత ఎడంగా వేసుకున్నారు?