అప్‌డేట్: ఒకే సర్వర్‌లో ఐదు వర్చువల్ మెషీన్లు, ఉదయం బిల్లింగ్ నత్తనడక - పరిష్కారమైంది

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరి మా ఆఫీసు సర్వర్ గురించి గత నెల అడిగాను: ప్రాసెసర్‌లో 8 కోర్లు (అసలు పని చేసే భాగాలు), 16 థ్రెడ్లు. అందులో ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఐదు వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి. ఉదయం పది దాటితే బిల్లు తెరుచుకోవడానికే నిమిషం పట్టేది. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"ముందు టాప్‌లో ఎస్‌టీ అంకె చూడండి" అన్న సలహాతోనే దొంగ దొరికింది. టాప్ అంటే లినక్స్‌లో ప్రాసెసర్ వాడకం చూపే కమాండ్. వర్చువల్ మెషీన్ పని చేయడానికి సిద్ధంగా ఉన్నా అసలు ప్రాసెసర్ దొరకక ఎదురుచూసిన సమయం ఎంత శాతమో చెప్పేదే ఎస్‌టీ. మా డేటాబేస్ మెషీన్‌లో రద్దీ వేళ అది 20 శాతం దాటింది.

తప్పు నాదే. ఎక్కువిస్తే వేగం పెరుగుతుందనుకుని ఐదింటికీ తలా 8 కోర్లు, మొత్తం 40 రాసిచ్చాను. పెళ్లి భోజనాల్లో ఒక్క బంతికి మూడు బంతుల జనాన్ని కూర్చోబెట్టినట్టు! పైగా థ్రెడ్లు 16 కనిపించినా అవి 16 కోర్లు కావు. ఒక్కో కోర్‌ను రెండేసి థ్రెడ్లు పంచుకుంటాయి.

ఆదివారం అన్నీ ఆపి డేటాబేస్‌కు 4, మూడింటికి రెండేసి, బ్యాకప్ మెషీన్‌కు 1 ఇచ్చాను. డేటాబేస్ సీపీయూ యూనిట్లను (ప్రాసెసర్ పంపకంలో ఏ మెషీన్‌కు ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకె) 100 నుంచి 200 చేశాను. పోటీ ఉన్నప్పుడే ఆ మొగ్గు పనిచేస్తుంది. రెండు వారాలుగా ఎస్‌టీ 1 దాటలేదు.

ర్యామ్ పెంచడం మాకు అక్కరకు రాలేదు. డిస్క్ కూడా నిర్దోషి, కొత్తది అనవసరంగా కొన్నాను.