ప్రొబేషన్ రద్దు విచారణలో లాయర్ ఉండాలా, అక్కర్లేదా?

కృష్ణాతీరం:
అమెరికాలో పెద్ద నేరం మోపిన పేదవాడికి ప్రభుత్వమే లాయర్‌ని ఇవ్వాలని 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదేళ్ళకి, 1973లో గాగ్నన్ వర్సెస్ స్కార్పెలీ కేసులో, ప్రొబేషన్ (జైల్లో పెట్టకుండా షరతుల మీద బయట ఉండనివ్వడం) రద్దు చేసేటప్పుడు మాత్రం అందరికీ లాయర్ అక్కర్లేదు, అవసరాన్ని బట్టి చూడండి అంది. దీని చివర కూడా ఉన్నది జైలే కదా. నాకైతే అన్యాయంగా ఉంది. మీరేమంటారు?

న్యాయపక్షం:
తీర్పు అంత గుడ్డిగా ఏమీ లేదండీ. అసలు విచారణే లేకుండా రద్దు చేయడం చెల్లదని కూడా అదే తీర్పు చెప్పింది. 'నేను తప్పు చేయలేదు' అనేవాడికి, చేసినా తగిన కారణం ఉండి దాన్ని వివరించడం కష్టమైనవాడికి లాయర్‌ని ఇవ్వాలనే ఉంది. పాత నేరం ఎప్పుడో రుజువైంది, ఇది కొత్త కేసు కాదు. ఆ తీర్పు రాసిన జస్టిస్ పావెల్ ఇంకో మాట అన్నారు: ఇటు లాయర్ వస్తే అటూ వస్తాడు, చిన్నాచితకా తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేసే ఓపిక విచారించేవాళ్ళలో తగ్గుతుందని. ఖర్చు సంగతి సరేసరి.

తుంగభద్ర:
ఆ ఓపిక స్కార్పెలీకి ఎక్కడ దొరికింది? దోపిడీ కేసులో 15 ఏళ్ళు శిక్ష వేసి, ఆపి, 7 ఏళ్ళ ప్రొబేషన్ ఇచ్చారు. 1965 ఆగస్టు 6న ఇలినాయిలో దొంగతనం చేస్తుంటే పట్టుకున్నామన్నారు పోలీసులు. బలవంతపెడితే ఒప్పుకున్నానన్నాడు అతను. ఏ విచారణా లేకుండా సెప్టెంబరు 1న రద్దు. నెల తిరక్కుండా 15 ఏళ్ళూ నెత్తిన పడ్డాయి.

మెంపా కేసు ఇంకా ఘోరం. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రొబేషన్ రద్దు విచారణ, 17 ఏళ్ళ కుర్రాడు, పక్కన సవతి తండ్రి. లాయర్ కావాలా అని అడిగిన పాపాన పోలేదు. దొంగతనాల్లో ఉన్నావట, నిజమేనా అంటే అవునన్నాడు. ప్రొబేషన్ ఆఫీసర్ మాటల్ని ఎదురు ప్రశ్నించినవాళ్ళు లేరు. 10 ఏళ్ళు వేశారు. లాయర్ లేకుండా ఇలా చేయడం తప్పని 1967లో సుప్రీంకోర్టు అంది, ఎందుకంటే అతనికి శిక్ష వేయడమే అప్పటిదాకా వాయిదాలో ఉంది. స్కార్పెలీకి ముందే వేసి ఆపారు కాబట్టి వేరే రూలట! లోపలికి పోయేవాడికి ఈ తేడాతో ఏం పని?

నా అసలు అభ్యంతరం 'అవసరాన్ని బట్టి' అనడం మీద. నా గోడు నేను చెప్పుకోలేనని ఒప్పించాల్సింది ఆ చెప్పుకోలేనివాడే. జార్జియా రాష్ట్రంలో ప్రొబేషన్‌లో ఉన్న బేర్డెన్ అనే అతనికి జరిమానా, పరిహారం కలిపి 750 డాలర్లు. అమ్మానాన్నల దగ్గర అప్పు చేసి 200 కట్టాడు, తర్వాత ఉద్యోగం పోయింది. మనిషికి చదవడం రాదు. మిగతాది కట్టలేదని ప్రొబేషన్ తీసేశారు. ఎందుకు కట్టలేకపోయాడో కనుక్కోకుండా అలా చేయకూడదని 1983లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అలాంటి మనిషి 'నాది క్లిష్టమైన కేసు' అని ఎలా వాదించుకుంటాడు?

న్యాయపక్షం:
బేర్డెన్ విషయం ఒప్పుకుంటాను. కానీ తప్పు చేశానని తనే చెప్పినవాడికి లాయర్ దేనికి? పైగా ఫెడరల్ కోర్టుల్లో స్థోమత లేనివాళ్ళకి ఇవ్వాలని చట్టమే ఉంది, చాలా రాష్ట్రాలూ ఇస్తున్నాయి.

తుంగభద్ర:
చట్టసభ ఇచ్చినదాన్ని చట్టసభ తీసేయొచ్చు కూడా, అందుకే రాజ్యాంగ హక్కుగా కావాలంటున్నాను. ఇక ఒప్పుకున్నవాళ్ళంటారా, మెంపా కూడా ఒప్పుకున్నాడు. అది ఒప్పుకున్న తర్వాత, 10 ఏళ్ళు ఎందుకు, తక్కువ వేయండి అని అడిగే మనిషి ఆ గదిలో ఒక్కడూ లేడు.